పీర్ టు పీర్ నెట్‌వర్కుల్లో వెతకడం ఎందుకు మానేశాం?

బిట్‌టొరెంట్‌కి వెతకడం రాదు. జనం కంప్యూటర్లు నేరుగా ఒకదాన్నుంచి ఒకటి ఫైళ్ళు తెచ్చుకునే పీర్ టు పీర్ నెట్‌వర్కుల్లో అది పేరున్నది కాబట్టి, ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. 2013లో పరిశోధకులు కొలిచినప్పుడే దాని డీహెచ్‌టీలో (డిస్ట్రిబ్యూటెడ్ హాష్ టేబుల్, అంటే ఏ ఫైలు ఎక్కడుందన్న జాబితాను వాడుకరుల కంప్యూటర్ల మధ్యే పంచిపెట్టిన పట్టిక) రోజుకు కోటిన్నరకు పైగా వాడుకరులు కనిపించారు. ఏ ఫైలు ఎవరెవరి దగ్గర ఉందో అది క్షణాల్లో చెబుతుంది. కానీ ‘పాత బుర్రకథ రికార్డింగులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా’ అని అడగడానికి దాంట్లో దారే లేదు. దానికి ఆ ఫైలుని గుర్తించే 20 బైట్ల సంఖ్య (హాష్) ఒకటి ఇవ్వాలి. ఆ సంఖ్య మన చేతికి ఎలా వస్తుంది? ఏదో ఒక వెబ్‌సైట్ నుంచి. ఆ వెబ్‌సైట్‌కి ఓ యజమాని ఉంటాడు, ఎక్కడో ఓ సర్వర్ ఉంటుంది, ఆపాలనుకున్నవాళ్ళు దాన్ని ఆపగలరు. అంటే ఫైళ్ళను అందరికీ పంచిపెట్టి, వెతికే పనిని మాత్రం తీసుకెళ్ళి మళ్ళీ ఒకరి చేతిలో పెట్టామన్నమాట.

ఇది తప్పక జరిగిందని నేను అనుకోను. పీర్ టు పీర్ పరిశోధన 2001 ప్రాంతంలో ఒక మలుపు తిరిగింది. చిరునామా కనుక్కోవడం అనే సమస్యను అద్భుతంగా పరిష్కరించి, వెతకడం అనే సమస్య కూడా దాంతోపాటే తీరిపోయిందన్నట్టు ముందుకు వెళ్ళిపోయింది. ఆ నష్టం అందరికీ ఉంది గానీ, తెలుగు లాంటి భాషల్లో ఫైళ్ళు దాచుకున్నవాళ్ళకి ఇంకా ఎక్కువ ఉంది. మా మిత్రుల మధ్య పాత రేడియో రికార్డింగులు, స్కాన్ చేసిన పత్రికలు చేతులు మారుతుంటాయి కాబట్టి ఈ విషయం నాకు బాగా దగ్గరది.

మొదట్లో సంగతి తేలిక. 1999లో షాన్ ఫానింగ్ నాప్‌స్టర్ తెచ్చినప్పుడు పాటలు జనం కంప్యూటర్లలోనే ఉండేవి, ఎవరి దగ్గర ఏముందన్న జాబితా మాత్రం కంపెనీ సర్వర్లలో ఉండేది. వెతకడం అంటే ఆ జాబితాను అడగడమే. కాపీరైట్ కేసు విన్న కోర్టుకి కూడా పని సులువైంది. జాబితా ఆపిస్తే చాలు. 2001 జూలైలో నాప్‌స్టర్ ఆగిపోయింది.

దానికి జవాబు అప్పటికే వచ్చేసింది. 2000 మార్చిలో జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ అనే ఇద్దరు, కేంద్ర జాబితా అక్కర్లేని గ్నుటెల్లా ప్రోగ్రామ్‌ని బయటపెట్టారు. వాళ్ళ సంస్థ నల్‌సాఫ్ట్ అప్పటికి ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ చేతిలో ఉంది. ఏఓఎల్ మర్నాడే దాన్ని తీయించేసింది, కానీ అప్పటికే అది జనంలోకి వెళ్ళిపోయింది. దాని పనితీరును విప్పి చూసి ఇతరులు సొంత ప్రోగ్రాములు రాసుకున్నారు.

గ్నుటెల్లా ప్రశ్న ఎలా ఉండేదో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే నా వాదన అంతా అక్కడే ఉంది. ముందు 23 బైట్ల హెడర్. అందులో 16 బైట్లు ఆ సందేశానికి గుర్తింపు సంఖ్య, ఒక బైటు అది ఏ రకం సందేశమో చెబుతుంది, ఒకటి టీటీఎల్ (ఆ సందేశం ఇంకా ఎన్ని నోడ్లు, అంటే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు, దాటొచ్చన్న లెక్క; అది సున్నా అయితే ఆగిపోతుంది), ఒకటి ఇప్పటిదాకా ఎన్ని నోడ్లు దాటిందన్న లెక్క, మిగతా 4 వెనక వచ్చే భాగం పొడవు. ఆ తర్వాత కనీస వేగం చెప్పే 2 బైట్లు, ఆపైన మనం టైపు చేసిన మాటలు, చివర ఒక సున్నా. అంతే. ఈ సందేశాన్ని నా పక్క నోడ్లన్నిటికీ పంపుతాను. వాళ్ళు టీటీఎల్‌లో ఒకటి తగ్గించి తమ పక్కవాళ్ళకి పంపుతారు. అదే గుర్తింపు సంఖ్య మళ్ళీ వస్తే పారేస్తారు. ఎవరి దగ్గరైనా ఫైలు ఉంటే జవాబు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. అడిగింది ఎవరో దారిలోవాళ్ళకి తెలియనక్కర్లేదు. ‘ఇది నాకు ఎవరు ఇచ్చారు’ అన్నది గుర్తుంటే చాలు.

దీన్నే ఫ్లడింగ్ అంటారు. ఒక్కొక్కరికి 4 కనెక్షన్లు, టీటీఎల్ 7 అనుకుంటే ఆదర్శంగా 4,372 నోడ్లకి ప్రశ్న చేరుతుంది. అదే 8 కనెక్షన్లయితే లెక్క పది లక్షలు దాటుతుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, జవాబు పక్క నోడ్‌లోనే దొరికినా వరద ఆగదు. మిగతా వేలమందిని తట్టుకుంటూ పోతూనే ఉంటుంది. 2000 వేసవిలో నాప్‌స్టర్ మూతపడుతుందన్న భయంతో జనం ఒక్కసారిగా గ్నుటెల్లా మీద పడ్డారు. డయలప్ మోడెమ్‌ల మీద ఉన్నవాళ్ళ లైన్లన్నీ ఇతరుల ప్రశ్నలు మోయడానికే సరిపోయి నెట్‌వర్క్ చతికిలబడింది. గ్నుటెల్లా పెద్దది కావడం సాధ్యం కాదని లెక్కలు వేసి చూపించిన వ్యాసాలు వచ్చాయి. ఆ లెక్కలతో నాకు పేచీ లేదు.

అదే ఏడాది జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఎయిటాన్ అడార్, బెర్నార్డో హ్యూబర్‌మన్ ఇంకో చేదు నిజం బయటపెట్టారు. గ్నుటెల్లా వాడుకరుల్లో దాదాపు 70 శాతం మంది ఏమీ పంచడం లేదు. జవాబుల్లో దాదాపు సగం ఒక్క శాతం మంది దగ్గర్నుంచే వస్తున్నాయి. అంటే వరద తట్టే తలుపుల్లో చాలావాటి వెనక ఏమీ లేదు.

ఈ వాతావరణంలో 2001లో డిస్ట్రిబ్యూటెడ్ హాష్ టేబుళ్ళు వచ్చాయి. ఒకే ఏడాది నాలుగు: కోర్డ్, క్యాన్, పేస్ట్రీ, టాపెస్ట్రీ. మరుసటి ఏడాది పెటార్ మేమౌంకోవ్, డేవిడ్ మాజియేర్ రాసిన కడెమ్లియా వచ్చింది. చివరికి నిలిచి గెలిచింది అదే. బిట్‌టొరెంట్, ఈమ్యూల్, ఐపీఎఫ్ఎస్ అనే ఫైళ్ళ పంపిణీ వ్యవస్థలన్నిటి అడుగునా అదే ఉంది. నాకు ఆ డిజైన్ అంటే చాలా గౌరవం. ప్రతి నోడ్‌కీ ఒక 160 బిట్ల సంఖ్య, ప్రతి ఫైలుకీ అలాంటిదే ఇంకో సంఖ్య. రెండు సంఖ్యల మధ్య దూరం అంటే వాటి ఎక్సార్: బిట్లు తేడాగా ఉన్నచోట 1, ఒకటిగా ఉన్నచోట 0. ఉదాహరణకి నాలుగు బిట్లతో చూస్తే 1010కీ 1100కీ మధ్య దూరం 0110, అంటే 6. ఫైలు సంఖ్యకు దగ్గరగా ఉన్న నోడ్లు ఆ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటాయి. ప్రతి అడుగులోనూ దూరం కనీసం సగానికి తగ్గుతుంది కాబట్టి పది లక్షల నోడ్లున్నా 20 అడుగుల లోపే చేరతాం. ఎక్కువసేపు నెట్‌వర్క్‌లో ఉన్న నోడ్ ఇంకాసేపు ఉండే అవకాశం ఎక్కువని గ్నుటెల్లా కొలతల్లో తేలింది. దాన్ని పట్టుకుని పాత పరిచయాలను వదలకుండా ఉంచుకోవాలన్న నియమం పెట్టారు. ఎంత చక్కటి ఆలోచన!

కానీ ఇందులో పోయింది ఏమిటో చూడండి. గ్నుటెల్లాలో నా ప్రశ్న మాటలుగా ప్రయాణం చేసింది. దానికి అర్థం చెప్పుకునే హక్కు జవాబిచ్చే నోడ్‌ది. డీహెచ్‌టీలో ప్రశ్న బయల్దేరకముందే సంఖ్యగా మారిపోతుంది. అవతలి నోడ్ అర్థం చేసుకోవడానికి ఏమీ మిగలదు. సంఖ్య సరిపోతే ఉంది, లేకపోతే లేదు.

ఈ తేడా విలువ మొదట్లోనే గ్రహించినవాళ్ళు ఉన్నారు. 2000లో జీన్ కాన్, ఆయన మిత్రులు ఇన్‌ఫ్రాసెర్చ్ అని గ్నుటెల్లా పద్ధతి మీద ఒక నమూనా చేసి చూపించారు. ఒకే ప్రశ్న అన్ని నోడ్లకీ వెళ్తుంది. ఒక నోడ్ కాలిక్యులేటర్, అది లెక్క కనిపిస్తే చేసి ఇస్తుంది. ఇంకోటి షేర్ల ధరలు తెలిసినది, కంపెనీ గుర్తు కనిపిస్తే స్పందిస్తుంది. మరొకటి వార్తలది. ఎవరికి ఏది అర్థమైతే దానికి వాళ్ళు జవాబిస్తారు, అర్థం కానివాళ్ళు ఊరుకుంటారు. మన ఇళ్ళల్లో సంబంధాలు చూసే పద్ధతి ఇదే. ‘మా అమ్మాయికి మంచి కుర్రాడు ఎవరైనా ఉంటే చెప్పండి బాబాయ్’ అని నలుగురి చెవిన వేస్తాం. ఆ ‘మంచి’ అన్నమాటకి బాబాయ్ ఒక అర్థం చెప్పుకుంటాడు, మేనత్త ఇంకో అర్థం చెప్పుకుంటుంది. ఇద్దరి దగ్గర్నుంచీ మనం ఊహించని పేర్లు వస్తాయి. కుర్రాడి ఆధార్ నంబరు చెబితే తప్ప వెతకమంటే ఏ సంబంధమూ కుదరదు.

ఇప్పుడు తెలుగు సంగతికి వస్తాను. ఒక ఫైలు పేరులో ‘బుర్రకథ’ అని ఉంది. ఇంకొకరు ‘బుర్ర కథ’ అని విడగొట్టి రాశారు. మూడోవాళ్ళు ‘బుర్రకథలు’ అన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళలో థకి టీహెచ్ పెట్టేవాళ్ళున్నారు, డీహెచ్ పెట్టేవాళ్ళున్నారు. విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి విజయవాడ, విజయవాడలో, విజయవాడకి, విజయవాడకు అన్నీ వేరు మాటలే. హైదరాబాద్ సంగతి మరీ ఘోరం. హైదరాబాదు, హైద్రాబాద్ ఎలాగూ ఉన్నాయి. అవి కాక ‘హైదరాబాద్‌లో’ అని సరిగ్గా కనిపించాలంటే పొల్లుకీ ‘లో’కీ మధ్య కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకటి పెట్టాలి. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో అది 3 బైట్లు. అది మరిచిపోయినవాళ్ళ ఫైలులో అదే మాట వేరే బైట్లుగా ఉంటుంది. మనిషి కంటికి ఇవన్నీ ఒకటే. మాటని సంఖ్యగా మార్చే హాష్ లెక్కకి మాత్రం ఒక్క బైటు మారినా 160 బిట్లలో సుమారు సగం మారిపోతాయి. ఈ మాటలన్నీ నెట్‌వర్క్‌లో ఒకదానికొకటి సంబంధం లేని నోడ్ల దగ్గరికి వెళ్ళి పడతాయి. బుర్రకథ దగ్గర నిలబడి అడిగితే బుర్రకథలు ఎక్కడున్నాయో చెప్పేవాడు ఉండడు.

‘ముందే మాటలన్నిటినీ ఒక రూపానికి తెచ్చి ఆ తర్వాత హాష్ చేయొచ్చు కదా’ అంటారు. చేయొచ్చు. కానీ అప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ ఒకే నియమాల పట్టిక వాడాలి, అదీ ఒకే వెర్షన్. నియమం ఒకటి సరిచేస్తే ఆ మాటల పాత నమోదులన్నీ దారి తప్పుతాయి. తెలుగు మాటల్ని ఎలా విడగొట్టాలో అందరూ ఒప్పుకునే పట్టిక ఎవరు రాస్తారు, దాన్ని ఎవరు మారుస్తారు? అక్కడ మళ్ళీ ఒక కేంద్రం పుట్టుకొస్తుంది. గ్నుటెల్లా పద్ధతిలో ఈ తగాదా లేదు. ఫైలు దాచుకున్నవాళ్ళ కంప్యూటరే మాటలు పోల్చుకుంటుంది. ఒకరి ప్రోగ్రామ్ తెలివైనదైతే వాళ్ళ దగ్గరున్నవి ఎక్కువగా దొరుకుతాయి. మిగతావాళ్ళు అప్‌డేట్ చేసేదాకా ఆగక్కర్లేదు.

మాటలతో వెతకడాన్ని డీహెచ్‌టీ మీద ప్రయత్నించకపోలేదు. ఈమ్యూల్‌లోని క్యాడ్ నెట్‌వర్క్ ఫైలు పేరులోని ఒక్కో మాటనూ హాష్ చేసి, ఆ హాష్‌కి దగ్గరి నోడ్ల దగ్గర ఆ ఫైలు వివరాలు పెడుతుంది. బాగానే పనిచేస్తుంది. కానీ ‘పాట’ లాంటి మాట బరువంతా ఎవరో కొద్దిమంది నెత్తిన పడుతుంది. ఒక మాటకి కాపలా కాసే చోటు ముందే తెలుస్తుంది కాబట్టి, ఆ చోటికి దగ్గర సంఖ్యలున్న నోడ్లను దొంగగా దింపితే ఆ మాటకి వచ్చే జవాబులన్నీ వాళ్ళ చేతిలోకి వెళ్తాయి. ఒకే మనిషి వేయి ముఖాలతో నెట్‌వర్క్‌లోకి దూరే ఈ దాడి గురించి జాన్ డౌసర్ 2002లోనే హెచ్చరించాడు. ఇక రెండు మాటలతో వెతకాలంటే ఒక నోడ్ దగ్గరి జాబితా మొత్తం ఇంకో నోడ్‌కి పంపి కలిసేవి చూడాలి. 2003లో ఎంఐటీ, బర్కిలీ పరిశోధకులు 300 కోట్ల పేజీల వెబ్‌ని ఇలా వెతకగలమా అని లెక్క వేశారు. మామూలుగా చేస్తే కుదరదని, రకరకాల కుదింపులూ కొన్ని రాజీలూ చేసుకుంటే దగ్గరికి రావచ్చనీ తేల్చారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకో విషయం. ఫ్లడింగ్ జబ్బుకి మందు అదే రోజుల్లో దొరికింది. 2002లో ఈడిత్ కోహెన్, స్కాట్ షెంకర్, వాళ్ళ సహచరులు రాసిన పరిశోధన పత్రంలో అది ఉంది. అందరికీ ఒకేసారి చెప్పడం మానేసి, ప్రశ్నను 16 నుంచి 64 మంది బాటసారుల్లా వదలండి అన్నారు. ఒక్కో బాటసారీ ప్రతి నోడ్ దగ్గరా ఎవరో ఒక పక్కవాళ్ళని ఎంచుకుని ముందుకు పోతాడు. మధ్యమధ్యలో అడిగినవాళ్ళని ‘దొరికిందా, ఇంకా వెతకాలా’ అని కనుక్కుంటాడు. దొరికితే ఆగుతాడు. నూటికి ఒకరి దగ్గర ఉన్న ఫైలుకి సగటున వందమందిని అడిగితే సరిపోతుంది, వరదలో లాగా వేలమందిని లేపక్కర్లేదు.

అక్కడితో ఆగలేదు. ఏ ఫైలుకి ఎన్ని కాపీలు ఉంటే వెతుకులాట తేలికవుతుందన్న ప్రశ్న వేసుకున్నారు. ఎక్కువమంది అడిగేదానికి ఆ దామాషాలోనే ఎక్కువ కాపీలు ఉంచడం సహజంగా తోస్తుంది. అన్నిటికీ సమానంగా ఉంచడం ఇంకో దారి. విచిత్రం ఏమిటంటే, దొరికే ఫైళ్ళ విషయంలో ఈ రెండింటికీ సగటు వెతుకులాట ఖర్చు ఒకటే! అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యేది వర్గమూలం దారి. ఒక ఫైలుని రెండోదాని కంటే 100 రెట్లు ఎక్కువగా అడుగుతుంటే, దానికి 10 రెట్లు కాపీలు ఉంచాలి. దీనికి ఎవరూ లెక్కలు పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫైలు దొరికినప్పుడు, దొరకడానికి పట్టిన దారి ఎంత పొడవో అన్ని కాపీలు ఆ దారి పొడుగునా వదిలితే నెట్‌వర్క్ తనంతట తానే దాదాపు ఆ వర్గమూలానికి చేరుకుంటుంది. కష్టపడి దొరికినదానికి ఎక్కువ కాపీలు పడతాయి, తేలిగ్గా దొరికినదానికి తక్కువ. నేను చదివిన నెట్‌వర్క్ ఫలితాల్లో ఇంత అందమైనవి తక్కువ.

వాడుకలోనూ పద్ధతులు మెరుగయ్యాయి. లైమ్‌వైర్ లాంటి గ్నుటెల్లా ప్రోగ్రాములు బలమైన కంప్యూటర్లను అల్ట్రాపీర్లుగా చేసి, వాటి కింద ఉన్నవాళ్ళ దగ్గర ఏ మాటలున్నాయో చిన్న పట్టికలో పెట్టించాయి. ఏమీ పంచనివాళ్ళ తలుపు తట్టే పని తప్పింది. 2001లో వచ్చిన కజా ప్రోగ్రామ్ కూడా ఈ తోవలోనే సూపర్‌నోడ్ల మీద నడిచింది. ఇవన్నీ చివరికి కాపీరైట్ కేసుల్లో చిక్కుకున్నాయి. 2010లో లైమ్‌వైర్‌ని కోర్టు ఆపించింది. వాటితోపాటు ఆ వెతికే పద్ధతి కూడా పాతబడిందన్న పేరు పడింది. ఆపింది కోర్టులు, నింద పడింది మాత్రం పద్ధతి మీద. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ట్రిబ్లర్ పేరుతో వెతుకులాటను నెట్‌వర్క్ లోపలే ఉంచడానికి ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. అలాంటి పట్టుదల ఉన్నవాళ్ళు తక్కువ.

ఈ పద్ధతికి ఉన్న లోపాల్ని నేను దాచను. నేను ఏం వెతుకుతున్నానో దారిలో ఉన్న ప్రతి నోడ్ చదవగలదు. జవాబుల్లో చెత్త కలపడం తేలిక. కజాలో కొన్ని పేరున్న పాటల కాపీల్లో సగానికి పైగా నకిలీవని 2005లో కొలిచి చూపించారు. అన్నిటికంటే గట్టి అభ్యంతరం అరుదైన ఫైళ్ళ గురించి. పది లక్షల నోడ్లలో ఒక్కరి దగ్గరే ఉన్నదాన్ని బాటసారులు పట్టుకోవాలంటే తెల్లారిపోతుంది. దీనికి 2004లో బర్కిలీలో బూన్ థౌ లూ బృందం చెప్పిన సమాధానం నాకు సబబుగా తోస్తుంది. బాగా వ్యాపించిన ఫైళ్ళను పక్కవాళ్ళని అడిగే పద్ధతిలోనే వెతకండి, అరుదైన వాటిని మాత్రం డీహెచ్‌టీలో నమోదు చేయండి అన్నారు. రెండూ కలిపి వాడటానికి అడ్డేమీ లేదు.

అసలు పది లక్షల నోడ్ల లెక్క అందరికీ ఎందుకు? పాత తెలుగు రికార్డింగులు దాచుకునేవాళ్ళ నెట్‌వర్క్ అంటే నాలుగు వేల కంప్యూటర్లు అనుకుందాం. గుంటూరులో కొన్ని, వరంగల్‌లో కొన్ని, డల్లాస్‌లో కొన్ని. ఒక్కొక్కరూ గంటకి 10 ప్రశ్నలు అడిగినా సెకనుకి 11 ప్రశ్నలు. ఒక్కోటి 100 బైట్లు, అదే ప్రశ్న నాలుగు కనెక్షన్ల మీదా నాలుగుసార్లు వచ్చి పడినా సెకనుకి నాలుగున్నర కిలోబైట్లు. 2000 నాటి 56 కేబీపీఎస్ మోడెమ్‌కి అది ఊపిరాడనంత బరువు. ఇవాళ ఫోన్‌కి కూడా లెక్కలోది కాదు. ఏ వరదని చూసి అందరూ పారిపోయారో, ఇంత చిన్న నెట్‌వర్క్‌లో దాన్ని యథాతథంగా వాడినా ఇబ్బంది లేదు. బాటసారుల పద్ధతి పెడితే ఇంకా పెద్దదైనా తట్టుకుంటుంది.

ఇవాళ ఎవరైనా పీర్ టు పీర్ ప్రోగ్రామ్ రాయబోతే లిబ్‌పీటుపీ లాంటి లైబ్రరీలో కడెమ్లియా సిద్ధంగా ఉంటుంది. మాటల ప్రశ్నను పక్కవాళ్ళకి పంపి జవాబుల్ని వెనక్కి తెచ్చే భాగం మాత్రం మనమే రాసుకోవాలి. దానికి కావలసినవి కొద్దిగానే: గుర్తింపు సంఖ్య, టీటీఎల్, చూసిన ప్రశ్నల్ని కొన్ని నిమిషాలు గుర్తుంచుకునే పట్టిక, ప్రశ్న ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్న గుర్తు. తెలుగు కోసం ప్రతి నోడ్‌లోనూ పోల్చుకునే భాగం ఒకటి వేరుగా పెట్టాలి. అది కనిపించని జాయినర్లను తీసేయాలి, థ ధ ద తేడాల్ని చూసీచూడనట్టు పోవాలి, చివర్న ఉన్న లో, కి, కు, లు తీసి పోల్చాలి. ఆ భాగాన్ని ఎవరికి వారు మార్చుకోగలగాలి. అనంతపురంలో తోలుబొమ్మలాట రికార్డింగులు దాచుకున్నాయనకి తమ ఊళ్ళో ఆ ఆటను ఇంకే పేర్లతో పిలుస్తారో తెలుసు. ఆ పేర్లు ఆయన తన నోడ్‌లో రాసుకుంటే చాలు, మిగతావాళ్ళెవరూ ఏమీ మార్చక్కర్లేదు.